రెండు కుండీలు పెట్టి పోలిస్తే అది ప్రయోగం అవుతుందా?

నమస్కారం అండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో విషయం ఇది: మీ పాప తొమ్మిదో తరగతి. విశాఖ పెద వాల్తేరులో మీ ఇంటి బాల్కనీలో రెండు కుండీల్లో బంతి నారు పెట్టింది. ఒకదానికి బియ్యం కడిగిన నీళ్లు, రెండోదానికి మామూలు నీళ్లు మూడు వారాల పాటు పోసింది. బియ్యం నీళ్లు పోసిన మొక్క 4 సెంటీమీటర్లు ఎక్కువ పెరిగింది. సైన్స్ ఫెయిర్‌లో చార్టు పెట్టి పరిశీలన, పరికల్పన (ముందుగా వేసుకునే ఊహ), ప్రయోగం, నిర్ధారణ అని పాఠంలో ఉన్న వరుసలోనే చెప్పింది. చూడటానికి వచ్చిన జడ్జి "తేడా నీళ్ల వల్లే వచ్చిందని ఎలా చెప్పగలవమ్మా?" అని ఒక్క మాట అడిగారు. పాప దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ఏడ్చింది. మళ్లీ చేస్తానంటోంది, రెండు నెలల టైమ్ ఉంది. అన్ని మెట్లూ పాటించినా లోపం ఎక్కడ వచ్చిందని మీరు అడుగుతున్నారు.

సూటిగా చెబుతాను. ఒక్కో రకం నీళ్లకు ఒక్కో కుండీయే పెట్టడం అసలు లోపం. రెండు మొక్కలకూ ఒకే కుళాయి నీళ్లు పోసినా అవి సరిసమానంగా పెరగవు. ఏదో ఒకటి పొడుగవుతుంది. ఆ పొడుగైంది బియ్యం నీళ్ల కుండీయే అయ్యే అవకాశం సగానికి సగం. అంటే బియ్యం నీళ్లలో ఏ మహిమా లేకపోయినా, పాపకు వచ్చిన ఫలితం రెండుసార్లలో ఒకసారి దానంతట అదే వస్తుంది. రూపాయి బిళ్ల ఎగరేస్తే బొమ్మ పడినట్టు. జడ్జి అడిగింది ఇదే. పాప తెలివితక్కువదని ఆయన అనలేదు. నిజానికి సైన్స్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

నేను భీమిలి వైపు రొయ్య పిల్లల హేచరీల్లో 19 ఏళ్లు పనిచేశాను. అందులో 11 ఏళ్లు ట్రయల్స్ చూడటమే నా పని. కొత్త మేత వచ్చినా, నీళ్లలో కలిపే కొత్త మందు వచ్చినా, అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చి ఓనర్‌కి చెప్పాలి. ప్రయోగం ఎలా చేయాలో నేను కాలేజీలో కంటే ట్యాంకుల దగ్గర చేసిన తప్పుల వల్లే ఎక్కువ నేర్చుకున్నాను. అందులో ఒకటి మీకు చెప్పాలి, ఎందుకంటే అది అచ్చం మీ పాప చేసిన తప్పే. కాకపోతే మాకు లక్షల్లో ఖర్చయింది.

మా షెడ్డులో ఎనిమిది ట్యాంకులు. మధ్యలో నడవ, అటు నాలుగు, ఇటు నాలుగు. ఒక కంపెనీ వాళ్లు ప్రోబయాటిక్ పొడి తెచ్చారు, మంచి బ్యాక్టీరియా అన్నమాట. తూర్పు వైపు నాలుగు ట్యాంకుల్లో వేశాను. తూర్పు వైపే ఎందుకంటే, పొడి కలిపే బకెట్లు, కుళాయి ఆ పక్కన ఉన్నాయి. అంతకుమించి కారణం లేదు. సైకిల్, అంటే ఒక విడత పిల్ల పెంపకం, అయ్యేసరికి తూర్పు ట్యాంకుల్లో సగటున 58 శాతం పిల్ల బతికింది, పడమర వైపు 46 శాతం. నాలుగుకి నాలుగు ట్యాంకులూ బాగున్నాయి. ఇంకేం కావాలి? ఓనర్ పొడి పెద్ద మొత్తంలో కొన్నారు. పిల్ల కొనడానికి వచ్చిన చెరువుల రైతులకు కూడా మేం ఆ పొడి గురించి గొప్పగా చెప్పాం.

మూడు సైకిల్స్ తర్వాత నైట్ డ్యూటీకి కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు రీడింగులు రాస్తూ అడిగాడు: "సార్, తూర్పు ట్యాంకులు ఎప్పుడూ ఒక డిగ్రీ ఎక్కువే చూపిస్తున్నాయి, థర్మామీటర్ మార్చమంటారా?" థర్మామీటర్ బాగానే ఉంది. పొద్దున్నే ఎండ ఆ గోడ మీద పడి, నీళ్లు త్వరగా వేడెక్కుతున్నాయి. రొయ్య లార్వాకి ఒక డిగ్రీ చిన్న విషయం కాదు. తర్వాతి సైకిల్‌లో పొడిని పడమర వైపు వేసి, తూర్పు వైపు మానేశాను. మళ్లీ తూర్పే గెలిచింది! అన్ని రోజులూ మేం కొలిచింది ఎండని. పేరు మాత్రం పొడికి పెట్టాం. డబ్బు పోయినందుకు ఓనర్ బాధపడ్డారు. నాకు ఎక్కువ బాధ కలిగించింది మా మాట నమ్మి ఆ పొడి కొనుక్కున్న రైతులు.

ఇక మీ బాల్కనీకి వద్దాం. కొన్ని అడుగుతాను, మీరూ పాపా కూర్చుని గుర్తుచేసుకోండి. రెండు కుండీల్లో రెయిలింగ్ పక్కన ఉన్నది ఏది? సముద్రం గాలి దేనికి ఎక్కువ తగిలింది? మధ్యాహ్నం పక్కింటి నీడ దేని మీద పడేది? అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ "మామూలు నీళ్లు" ఎక్కడివి? సముద్రానికి దగ్గరగా ఉన్న చాలా ఇళ్లలో బియ్యం కడిగేది మున్సిపల్ కుళాయి నీళ్లతోనో, ఫిల్టర్ నీళ్లతోనో. మొక్కలకు పోసేది బోరు నీళ్లు, అవి కాస్త ఉప్పగా ఉంటాయి. మీ ఇంట్లోనూ అంతే అయితే, పాప పోల్చింది బియ్యం నీళ్లనీ మామూలు నీళ్లనీ కాదు. మంచినీళ్లనీ ఉప్పు నీళ్లనీ పోల్చింది. ఉప్పు నీళ్లకు మొక్క కుంగిందే తప్ప, బియ్యం కడుగుకి మొక్క పెరగలేదేమో. ఒకే ఫలితానికి ఇన్ని కారణాలు ఉండే వీలుంది, పాప వాటిలో ఒక్కదాని పేరు చార్టు మీద రాసింది.

అందుకే కంట్రోల్ అనే మాటను పిల్లలకు జాగ్రత్తగా చెప్పాలి. "మందు వేయని కుండీ" అంటే సరిపోదు. మనం పరీక్షించే ఒక్క విషయం తప్ప మిగతా ప్రతిదీ ఒకేలా ఉన్న కుండీ. అదే కుళాయి, అంతే నీళ్లు, అదే వేళ, అదే మట్టి.

నారు విషయం కూడా చెప్పాలి. నర్సరీలో కొన్న బంతి నారుకి మీ ఇంటికి రాకముందు ఒక చరిత్ర ఉంటుంది. ఒకటి ట్రే మధ్యలో పెరిగి ఉంటుంది, ఇంకోటి అంచున. ఒకదాని వేరు పీకేటప్పుడు తెగి ఉంటుంది. ఆ చరిత్ర మనకు తెలియదు. ఇక్కడ రోనాల్డ్ రాస్ గుర్తొస్తారు. మలేరియా పరాన్నజీవి దోమలో ఉంటుందని ఆయన 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే చూశారు. అంతకుముందు రెండేళ్లుగా దోమల్ని కోసి మైక్రోస్కోప్ కింద వెతుకుతూనే ఉన్నారు. ఆయన పనిలో నాకు బాగా నచ్చే సంగతి ఏమిటంటే, గోడ మీద వాలిన దోమల్ని పట్టుకుని ఊరుకోలేదు. లార్వాల్ని తెచ్చి తన దగ్గరే పెంచి, అంతకుముందు ఎవరినీ కుట్టని దోమలతో మలేరియా రోగిని కుట్టించారు. అప్పుడు దోమ పొట్టలో కొత్తగా ఏదైనా కనిపిస్తే అది ఈ రోగి రక్తంతో వచ్చిందని అనొచ్చు. ఎక్కడెక్కడో తిరిగిన దోమైతే ఆ మాట అనడం కుదరదు. మీ పాప కూడా ఈసారి నారు మాని విత్తనం నుంచి మొదలుపెట్టాలి. వంటింట్లో మెంతులు ఉంటాయి. త్వరగా మొలుస్తాయి, చిన్న డబ్బాల్లో పెరుగుతాయి, పదిహేను రోజుల్లో కొలవడానికి సరిపోతాయి.

ఇప్పుడు ఎన్ని కుండీలు కావాలి అన్నది. ఇది చాలామంది టీచర్లు కూడా "ఎక్కువ పెట్టండి" అని వదిలేసే విషయం, నేను కొంచెం నిదానంగా చెబుతాను.

బియ్యం నీళ్లకు ఏ ప్రభావమూ లేదని కాసేపు అనుకుందాం. చెరో కుండీ పెడితే, బియ్యం నీళ్లది పొడుగవడం రెండింట ఒకసారి. చెరి రెండు పెడితే, బియ్యం నీళ్ల రెండూ మిగతా రెండిటి కంటే పొడుగవడం ఆరింట ఒకసారి. చెరి మూడు పెడితే ఇరవైలో ఒకసారి. చెరి నాలుగు పెడితే డెబ్భైలో ఒకసారి. చెరి ఆరు పెడితే 924లో ఒకసారి. ఇది ఇంటర్ లెక్కల్లో వచ్చే సంయోగాల లెక్కే: పన్నెండు డబ్బాల్లోంచి ఆరింటిని ఎన్ని రకాలుగా ఏరవచ్చు అని. పాప తొమ్మిదో తరగతే కాబట్టి ఫార్ములా అక్కర్లేదు. నాలుగు చీటీల మీద అంకెలు రాసి, రెండేసి ఏరమనండి. ఆరు జతలు తనే రాసుకుంటుంది. అప్పుడు "అదృష్టం కొద్దీ కూడా రావొచ్చు" అనే మాట వేళ్ల మీద లెక్కపెట్టగలిగేది అవుతుంది.

ఈ ఆలోచనను స్థిరపరిచినవాళ్లలో ముఖ్యుడు రోనాల్డ్ ఫిషర్. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేశారు. పొలంలో ఒక మడికీ పక్క మడికీ ఎప్పుడూ తేడా ఉంటుంది కాబట్టి, ఎరువు వల్ల వచ్చిన తేడాని నేల వల్ల వచ్చిన తేడా నుంచి విడదీయడం ఎలా అన్నది ఆయన సమస్య. 1935లో వచ్చిన ఆయన పుస్తకంలో టీ ఉదాహరణ ఒకటి ఉంది. కప్పులో ముందు పాలు పోశారో, ముందు టీ పోశారో తాగి చెప్పగలనని ఒకావిడ అంటుంది. ఎనిమిది కప్పులు, చెరో రకం నాలుగు, వరుస కలిపేసి ఇస్తారు. గుడ్డిగా చెప్పినా అన్నీ సరిగ్గా తగిలే అవకాశం డెబ్భైలో ఒకటి. పైన చెప్పిన చెరి నాలుగు కుండీల లెక్కే ఇది. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసిన సి.ఆర్. రావు గారు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకున్నారు. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ విషయాలు ఒకేసారి పరీక్షించడానికి ఆయన ఇచ్చిన అమరికలను ఇవాళ్టికీ ఫ్యాక్టరీల్లో వాడుతున్నారు. మీ ఇంటి నుంచి యూనివర్సిటీ దూరమేం కాదు. పాపను ఒకసారి అటు తీసుకెళ్లి, ప్రయోగాలు ఎలా అమర్చాలో ప్రపంచానికి చెప్పిన మనిషి ఈ దారుల్లోనే నడిచాడని చెప్పండి. ఏడుపు మరిచిపోతుంది.

ఎక్కువ కుండీలు అన్నప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. ఒకే కుండీలో పది గింజలు వేసి "నా దగ్గర పది మొక్కలున్నాయి" అనుకుంటారు. ఆ పదీ ఒకే మట్టి, ఒకే మూల, ఒకే ఎండ పంచుకుంటున్నాయి. ఆ కుండీకి ఏదైనా అయితే పదింటికీ అవుతుంది. మా ట్యాంకులో లక్షల పిల్ల ఉంటుంది, అయినా ట్రయల్ లెక్కలో అది ఒక్క ట్యాంకే. నీళ్లు ఏ డబ్బాకి పోయాలో విడివిడిగా నిర్ణయించగలిగితే ఆ డబ్బా ఒకటి కింద లెక్క. అందులోని మొక్కలు ఎన్నైనా సరే.

నేను చెప్పబోయే పద్ధతి ఇది. పాప తన మాటల్లో నోట్‌బుక్‌లో రాసుకోవాలి, నేను రాసింది కాపీ కొట్టకూడదు.

ఒకే సైజు పెరుగు డబ్బాలు పన్నెండు పోగు చేయండి. అడుగున వేడి మేకుతో కన్నాలు పెట్టండి, ఆ పని మీరే చేయండి. మట్టి అంతా ఒకే తొట్టెలో బాగా కలిపి, గ్లాసుతో కొలిచి నింపండి. ఒక్కో డబ్బాలో ఐదేసి మెంతులు. ఐదో రోజున డబ్బా నడిమికి దగ్గరగా మొలిచిన ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేయాలి. "బాగున్నదాన్ని" ఉంచుదాం అనుకుంటే మన చెయ్యి మనకు తెలియకుండానే మనకు నచ్చిన డబ్బాకి మంచి మొలక ఏరిపెడుతుంది. నడిమికి దగ్గరగా ఉన్నది అనే నియమానికి ఇష్టాయిష్టాలు లేవు.

డబ్బాలకు 1 నుంచి 12 వరకు అంకెలు వేయండి. పన్నెండు చీటీలు రాసి మడిచి, గిన్నెలో కలిపి, ఆరు తీయండి. ఆ ఆరూ బియ్యం నీళ్లవి. ఇది పిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ మొత్తం ప్రయోగంలో దీనికంటే విలువైన పని లేదు. నేను ఆ రోజు షెడ్డులో చీటీలు వేసి ఉంటే, పొడి రెండు వైపులకీ పంచినట్టయ్యేది. చీటీ గొప్పతనం ఏమిటంటే, మనకు తెలిసిన తేడాలనే కాదు, మన ఊహకు కూడా అందని తేడాలను సైతం రెండు గుంపులకూ చెదరగొడుతుంది. గోడ వేడి సంగతి నాకు తెలియదు, చీటీకి తెలియాల్సిన పనే లేదు. డబ్బాల్ని రోజూ సాయంత్రం ఒక్కో స్థానం జరపండి, ఎండ అందరికీ దక్కుతుంది.

బియ్యం నీళ్లు రోజూ ఒకేలా ఉండాలి. ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, మొదటి కడుగు మాత్రమే. నిన్నటివి వాడకూడదు, ఒక రోజుంటే పులుస్తాయి, అది వేరే పదార్థం. మామూలు నీళ్లు అదే కుళాయివి, అదే సమయంలో పట్టినవి. దగ్గు మందు సీసా మూత మీద గీతలుంటాయి కదా, దానితో కొలిచి అన్ని డబ్బాలకూ ఒకే కొలత.

ఏం కొలుస్తారో, ఎప్పుడు కొలుస్తారో గింజలు వేయకముందే రాసి సంతకం పెట్టండి. "15వ రోజు సాయంత్రం, మట్టి దగ్గర నుంచి కొన వరకు కాడ పొడవు." ఇది ఎందుకంటే, చివర్లో ఎత్తు, ఆకుల సంఖ్య, రంగు, వేరు పొడవు, బరువు అన్నీ చూస్తే ఏదో ఒక దాంట్లో బియ్యం నీళ్లు గెలవకపోవు. గెలిచినదాన్ని ఏరుకుని చార్టు మీద వేస్తే అది బాణం వేశాక దాని చుట్టూ గురి గీసుకోవడం. ఆకులు కూడా లెక్కపెట్టుకోవచ్చు, కానీ వాటిని వచ్చేసారి పరీక్షించాల్సిన ఆలోచనలుగా రాసుకోవాలి.

ఇక కొలిచే మనిషి గురించి. రొయ్య పిల్లకి మేం స్ట్రెస్ టెస్ట్ అని చేస్తాం. ఉప్పు నీళ్లలోంచి తీసి, ఉప్పు బాగా తగ్గించిన నీళ్లలో కొంతసేపు వేసి, ఎన్ని బతికాయో లెక్కపెడతాం. గాజు బీకర్‌లో వంద పిల్ల. చాలావరకు తేలిగ్గానే తెలుస్తుంది, ఈదేది బతికింది, తెల్లబారి అడుగున పడిపోయింది చచ్చింది. మధ్యలో ఉండేవే కష్టం. పక్కకి ఒరిగి పడి ఉంటుంది, సూదితో తాకితే తోక ఒక్కసారి కదులుతుంది, మళ్లీ కదలదు. బతికినట్టా, పోయినట్టా? ఒకరోజు నా లెక్కలు నేనే గమనించుకున్నాను. కొత్త మేత వేసిన ట్యాంకు పిల్ల అని తెలిస్తే సూది తాకించి ఇంకో రెండు క్షణాలు ఆగుతున్నాను, కదులుతుందేమోనని. కంట్రోల్ ట్యాంకు పిల్లకి ఆ రెండు క్షణాలు ఇవ్వడం లేదు. అబద్ధం రాయాలన్న ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ మేత బాగుండాలని మనసులో ఉంది. వందకి నాలుగైదు పిల్ల తేడా అక్కడే వచ్చేస్తోంది. ఆ రోజు నుంచి బీకర్లకి అంకెలు వేసే పని వేరొకరికి ఇచ్చాను. ఏ అంకె ఏ ట్యాంకో లెక్క పూర్తయ్యాకే చూసేవాడిని.

మీ ఇంట్లో కొలిచే పని పాపకి కాకుండా, ఏది ఏ డబ్బానో తెలియని వాళ్లకి ఇవ్వండి. తాతగారుంటే ఆయనకి, లేదా తమ్ముడికి. అయితే ఒక చిక్కుంది. బియ్యం నీళ్లు పోసిన మట్టి మీద తెల్లగా పొర కట్టవచ్చు, చూడగానే తెలిసిపోతుంది. కాబట్టి 15వ రోజున పాపే కత్తెరతో మట్టి దగ్గరికి కాడ కోసి, అంకె వేసిన గ్రాఫ్ కాగితం మీద పరిచి తీసుకెళ్లాలి. కొలిచేవారికి డబ్బా కనబడదు, మొక్క మాత్రమే కనబడుతుంది.

టైమ్ ఉంది కాబట్టి ఇంకో మాట. అసలు ప్రయోగానికి ముందు ఒక పది రోజులు, ఆరు డబ్బాలు పెట్టి అన్నిటికీ మామూలు నీళ్లే పోసి పెంచండి. తేడా ఏమీ పెట్టని ప్రయోగం అన్నమాట. పదో రోజున ఆరు ఎత్తులు కొలిచి రాయండి. అన్నీ ఒకేలా చూసుకున్నా పొట్టిదానికీ పొడుగుదానికీ ఎంత తేడా ఉందో పాప కళ్లారా చూస్తుంది. పాత కుండీల 4 సెంటీమీటర్లకు అర్థం ఉందో లేదో అప్పుడు తనకే తెలుస్తుంది, మనం చెప్పక్కర్లేదు. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడితో నేను మొదట చేయించింది ఇదే. ఒకే నీళ్లు, ఒకే పిల్ల, ఒకే మేత వేసిన ఎనిమిది ట్యాంకుల ఫలితాలు పక్కపక్కన రాయమనేవాడిని. ఆ కాగితం చూసినవాడు ఆ తర్వాత ఒక్క ట్యాంకు చూసి మందు పనిచేసిందని ఎప్పుడూ అనలేదు.

పాఠంలో ఉండే మెట్ల సంగతి. అవి తప్పని నేను అనను. కానీ పని అంత వరుసగా నడవదు. సి.వి. రామన్ కథ అందరికీ తెలుసు. చిన్నప్పుడు విశాఖలోనే చదువుకున్నారు, వాళ్ల నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. రామన్ ఎఫెక్ట్ కనిపెట్టిన రోజు 1928 ఫిబ్రవరి 28 అంటాం గానీ, ద్రవంలోకి వెలుతురు పంపితే కొంచెం రంగు మారి బయటికొచ్చే ఆ మసక వెలుగును ఆయన శిష్యుడు కె.ఆర్. రామనాథన్ 1923లోనే ద్రవాల్లో చూశారు. అప్పుడు వాళ్లకి వచ్చిన అనుమానం, ద్రవంలో మలినం ఏదో ఉండి అది వెలుగుతోందని. అందుకని ద్రవాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేసి చూశారు. ఆ వెలుగు పోలేదు. తర్వాత రామన్, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి అరవై ద్రవాల్లో చూశారు, మామూలు ప్రతిదీప్తికి (వెలుతురు పడ్డ పదార్థం తానే వెలగడం) లేని ధ్రువణం (వెలుగు తరంగాలు ఒకే దిశలో కంపించడం) ఈ వెలుగులో ఉందని గమనించారు. "మలినం వల్ల కాదని ఎలా చెప్పగలవు?" అని ఎవరో జడ్జి అడిగేదాకా ఆగలేదు, వాళ్లే ఏళ్ల తరబడి తమను తాము ప్రశ్నించుకున్నారు. మీ పాపను అడిగిన ప్రశ్నా అదే వంశంలోది. అది చెప్పండి తనకి.

పరికల్పన రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. "బియ్యం నీళ్లు మొక్కలకు మంచివి" అని రాస్తే అది ఎప్పటికీ ఓడిపోదు. ఎత్తు పెరగకపోతే ఆకులు పచ్చగా ఉన్నాయంటాం, అదీ లేకపోతే వేరు బలపడిందంటాం. "15వ రోజున బియ్యం నీళ్ల మెంతి మొక్కల సగటు పొడవు ఎక్కువగా ఉంటుంది" అని రాస్తే అది ఓడిపోవచ్చు. ఓడిపోగలిగే మాటనే పరీక్షించగలం.

అన్ని విషయాలకూ ఇలా డబ్బాలు పెట్టడం కుదరదు కూడా. మన ఊళ్లో తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. వాళ్లు ఒక తుపానుకి మందు వేసి, ఇంకో తుపానుని కంట్రోల్‌గా ఉంచలేరు. వాళ్లు చేసేది ముందుగానే చెప్పడం, ఎక్కడ, ఎప్పుడు తీరం దాటుతుందని. ఆ తర్వాత జరిగినదానితో సరిపోల్చి, తప్పిన చోట లెక్కను సరిదిద్దుకోవడం. అదీ సైన్సే. ముందే మాట ఇవ్వడం, తర్వాత నిజాయితీగా సరిచూసుకోవడం రెండు చోట్లా ఒకటే.

నోట్‌బుక్ గురించి గట్టిగా చెప్పాలనుంది. పిల్లి డబ్బా పడేస్తే, ఒకరోజు నీళ్లు మర్చిపోతే, అది కూడా అదే రోజున, తేదీ వేసి, పెన్నుతో రాయాలి. చెరిపేయకూడదు, కొత్త పుస్తకంలోకి అందంగా ఎక్కించకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నా దగ్గర ఒక మేత ట్రయల్ పన్నెండో రోజులో ఉంది. షెడ్డు రేకులు లేచిపోయాయి, కరెంటు లేదు, గాలి మిషన్లు ఆగిపోయాయి, పిల్ల మొత్తం పోయింది. తడిసిన నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇప్పటికీ ఉంది: పదకొండు రోజుల లెక్కలు, కింద "తుపాను, ట్రయల్ ఆగింది, ఫలితం లేదు" అని. ఆ పదకొండు రోజుల్లో కొత్త మేత ముందంజలో ఉంది. దాన్ని ఫలితంగా వాడుకోమని నన్ను అడిగినవాళ్లున్నారు. నేను వాడలేదు. తర్వాతి ఏడాది మొదటి నుంచి మళ్లీ చేశాం, తేడా కనిపించలేదు.

అదే పాపకి కూడా జరగవచ్చు. పన్నెండు డబ్బాలు పెట్టాక తేడా కనిపించకపోతే కంగారు పడొద్దు, టెన్షన్ పెట్టొద్దు. చార్టు మీద "ఈ పద్ధతిలో, ఇన్ని డబ్బాలతో, తేడా కనిపించలేదు" అని రాయమనండి. "బియ్యం నీళ్లు పనికిరావు" అని మాత్రం రాయకూడదు. నిజంగా ఉన్న చిన్న తేడా పన్నెండు డబ్బాలకు అందకపోవచ్చు. ఆ రెండు వాక్యాల మధ్య తేడా తెలిసిన తొమ్మిదో తరగతి పిల్లని ఏ జడ్జి అయినా గౌరవంగా చూస్తారు.

ముందుగా నాకు కావాల్సింది ఒక్కటే: పాత కుండీలకు పోసిన నీళ్లు బోరువా, కుళాయివా? కనుక్కుని ఇక్కడ రాయండి. రెండో విడత అయ్యాక పన్నెండు పొడవులూ పెట్టండి, నేను లెక్క చూసి పెడతాను. అయితే ఏ గుంపు బియ్యం నీళ్లదో నాకు చెప్పొద్దు. "అ" గుంపు, "ఆ" గుంపు అని మాత్రమే రాయమనండి. నేను లెక్క చెప్పిన తర్వాత పాపే చెప్పాలి ఏది ఏదో.